ఆదివాసీ వైద్యులు, కథకులు, కళాకారులు: గౌరవం వ్యక్తికి, హక్కు ఎవరికి?

గుస్సాడీ నృత్య గురువు కనకరాజుకు 2021లో, కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. కనకరాజుది కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయి, రామచంద్రయ్యది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరం. కనకరాజు 2024 అక్టోబరులో కన్నుమూశారు; రామచంద్రయ్య కూడా ఇప్పుడు లేరు. ఇద్దరి విషయంలోనూ పత్రికలు ఒకే మాట రాశాయి: అంతరించిపోతున్న కళను బతికించిన మనిషి వెళ్లిపోయాడని.

ఆ మాటలో అబద్ధం లేదు గాని, అందులో ఒక పెద్ద విషయం మరుగున పడిపోతోంది. కనకరాజు గాని, రామచంద్రయ్య గాని వేదిక మీద ప్రదర్శన కోసం పుట్టిన కళను మోసినవారు కారు. వారి చేతిలో ఉన్నది ఒక సమాజం తన దేవతలను, వంశాలను, పెళ్లి సంబంధాలను, రుతువులను నడుపుకునే ఏర్పాటులో ఒక భాగం. ఆదివాసీ సమాజాల్లో వైద్యుడు, పూజారి, కథకుడు, వాద్యకారుడు, లోహపు పనివాడు, మంత్రసాని వేర్వేరు వృత్తులుగా కనిపించినా, వారి పనులు ఒకదానిలో ఒకటి కలిసి ఉంటాయి. మన ప్రభుత్వ వ్యవస్థ మాత్రం వైద్యాన్ని ఆయుష్ శాఖకు, పాటను సాంస్కృతిక శాఖకు, మూలికను అటవీ శాఖకు, లోహపు బొమ్మను హస్తకళల విభాగానికి పంచింది. ఈ పంపకంలో మనిషికి సన్మానం దొరికింది, వస్తువుకు గుర్తింపు దొరికింది, పుస్తకంలోకి ఎక్కిన జ్ఞానానికి రక్షణ దొరికింది. ఆ జ్ఞానాన్ని పుట్టించి, నిలబెట్టి, తరం నుంచి తరానికి అందించే సమాజానికి దానిపై ఉండవలసిన హక్కు మాత్రం ఇంకా చాలావరకు కాగితం మీదే ఉంది. ఇది ఎలా జరిగిందో అర్థం కావాలంటే ముందుగా ఆ పనులు లోపలి నుంచి ఎలా నడుస్తాయో చూడాలి.

కథ చెప్పేవాడి పని

ఆదిలాబాద్ రాజ్‌గోండులలో ప్రతి గోత్రమూ ఒక సగకు చెందుతుంది. నలుగురు దేవతల సగ, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు దేవతల సగ అని నాలుగు విభాగాలు ఉంటాయి. ఒకే సగకు చెందినవారు అన్నదమ్ములతో సమానం కనుక వారి మధ్య పెళ్లి కుదరదు. గుహలో బందీలైన దేవతలను జంగుబాయి దేవత సాయంతో గోండుల ఆదిగురువు పహండి కుపార్ లింగాల్ విడిపించడం, వారిని సగలుగా విభజించడం, ఒక్కో గోత్రానికి ఒక్కో స్థానం, ఒక్కో పెర్సాపేన్ (గోత్రపు పెద్ద దేవత) ఏర్పడడం, ఇవన్నీ సుదీర్ఘమైన గాథలుగా ఉన్నాయి. వాటిని చెప్పే బాధ్యత గోండులది కాదు. వేరే తెగలైన పర్ధాన్లది, కొన్నిచోట్ల తోటీలది.

పర్ధాన్ మూడు తీగల కిక్రిని కమానుతో వాయిస్తూ గాథ చెబుతాడు. పెర్సాపేన్ కొలుపుల్లో, పెళ్లిలో, చావులో అతను లేకుండా కర్మకాండ పూర్తి కాదు. గోత్రం ఎక్కడి నుంచి వచ్చింది, దేవత మొదట ఏ కొండ దగ్గర నిలిచింది, ఎవరికి ఎవరు సోదరులు, ఎవరికి ఎవరు వియ్యంకులు అన్న సంగతులు ఆ గాథలోనే ఉంటాయి. అంటే దాన్ని వినోదంగా భావించి వినేవారికి అది ఒక పాట; గోండు కుటుంబానికి అది వంశపత్రం, పెళ్లి సంబంధాల నియమావళి, పూజావిధానం, భూమితో తమకున్న బంధానికి సాక్ష్యం. గాథలో ఒక ఘట్టం తప్పు చెబితే పెద్దలు అక్కడే ఆపి సరిచేస్తారు. కాబట్టి ఈ జ్ఞానం కథకుడి ఒక్కడి తలలో లేదు. చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య ఉంది.

ఈ సేవకు ప్రతిఫలంగా గోండు కుటుంబాలు తమ పర్ధాన్‌కు ధాన్యం, బట్టలు, పశువులు ఇచ్చేవి. ఎవరి ఇంటికి ఎవరు పర్ధాన్ అన్నది వంశపారంపర్యంగా నిర్ణయమై ఉండేది. ఈ బంధాన్ని గురించి మాట్లాడేటప్పుడు దాన్ని ఆదర్శంగా చిత్రించడం సరికాదు. గోండుల దృష్టిలో పర్ధాన్ తమకంటే తక్కువ అంతస్తు కలవాడు. కథ లేనిదే పూజ జరగకపోయినా, కథ చెప్పేవాడితో పంక్తిభోజనం ఉండేది కాదు. కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో మరణించిన తర్వాత ఆదిలాబాద్ గోండుల మధ్యకు వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఈ గాథలను, ఈ సంబంధాలను వివరంగా నమోదు చేశాడు. ఆయన రాతల్లో ఆ సంబంధపు ఆప్యాయతా కనిపిస్తుంది, అసమానతా కనిపిస్తుంది.

గోండుల చేతిలో భూమి తరిగిపోతూ వచ్చిన కొద్దీ పర్ధాన్‌కు ఇచ్చే శక్తి కూడా తగ్గింది. పర్ధాన్ల పిల్లలు చదువుల్లోకి, ఉద్యోగాల్లోకి వెళ్లారు. అది వారి హక్కు. ఇతరుల వారసత్వాన్ని కాపాడడం కోసం ఒక కుటుంబం తరతరాలుగా దానాల మీద ఆధారపడి బతకాలని కోరే అధికారం ఎవరికీ లేదు. కాబట్టి కిక్రి వాయించేవారు తగ్గిపోయారని బాధపడడం ఒక్కటే చాలదు. ఆ పనికి ఒకప్పుడు ధాన్యం రూపంలో దొరికిన ఆధారానికి బదులుగా, అవమానం లేని కొత్త ఆధారం ఏమిటన్నది అసలు ప్రశ్న.

రాతలో లేనందువల్ల ఇదంతా నిలవలేదని అనేవారికి గుంజాల ఒక జవాబు. నార్నూర్ మండలంలోని ఈ ఊళ్లో 2006 ప్రాంతంలో గోండి భాషకు సొంతమైన లిపిలో రాసిన పాత ప్రతులు వెలుగులోకి వచ్చాయి. ఊరి పేరుతోనే గుంజాల గోండి లిపిగా పేరుపడిన ఈ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. లిపి ఉన్నా, ఆ లిపిని చదవగల పెద్దలు కొద్దిమందే మిగిలిన స్థితిలో అది బయటపడింది. రాత ఉన్నంత మాత్రాన జ్ఞానం నిలవదని, దాన్ని వాడుకునే జనం, బడి, సందర్భం ఉండాలని ఆ ఊరే చెబుతోంది.

నెమలి ఈకల కిరీటం కింద

దీపావళికి ముందు ఆశ్వయుజ పౌర్ణమి దాటాక గోండు గూడేల్లో దండారి పండుగ మొదలవుతుంది. డోలు, గుమేల, పర్ర, పెప్రె వంటి వాద్యాలను ముందు పూజిస్తారు. నెమలి ఈకలతో అల్లిన పెద్ద కిరీటం, ఒంటి నిండా బూడిద, మెడలో పూసల పేర్లు, భుజాన మేకతోలు, చేతిలో కర్ర ధరించిన గుస్సాడీ ఆ రోజులన్నీ దీక్షలో ఉంటాడు. దీక్ష ముగిసేదాకా స్నానం చేయడు. అతను మామూలు నర్తకుడు కాదు, దేవత ఆవహించినవాడు. అతని చేతికర్ర తాకితే రోగం తొలగుతుందని గూడెం నమ్మకం. ఒక ఊరి దండారి బృందం మరో ఊరికి వెళ్లి అతిథిగా ఉండి ఆడిపాడుతుంది. ఆతిథ్యం ఇచ్చిన ఊరు మళ్లీ బదులు వెళుతుంది. ఈ రాకపోకల్లోనే పెళ్లి సంబంధాల మాటలు మొదలవుతాయి, పాత తగాదాలు చల్లబడతాయి. చివరికి వాద్యాలను, వేషాన్ని విధిగా పూజించి పండుగ ముగిస్తారు.

గుస్సాడీ గణతంత్ర దినోత్సవ వేడుకల్లోకి వెళ్లడం గోండులకు గర్వకారణమే. కనకరాజు తన బృందాన్ని 1981లోనే ఢిల్లీకి తీసుకువెళ్లారు. ఆయన ఎందరో యువకులకు అడుగులు నేర్పారు. అందువల్ల నృత్యం నిలిచింది. అయితే ఏడాది పొడవునా ప్రారంభోత్సవాల్లో, మంత్రుల స్వాగతాల్లో గుస్సాడీని నిలబెట్టడం మొదలైన తర్వాత, ఏ నెలలో, ఎవరి అనుమతితో, ఏ పూజ చేసి ఆ కిరీటాన్ని ఎత్తుకోవాలన్న కట్టుబాటు సడలుతోందని గోండు పెద్దలు బాధపడడంలో న్యాయం ఉంది. నా అభిప్రాయంలో ఇక్కడ తప్పు వేదికది కాదు. వేదిక ఎక్కాలా వద్దా, ఎక్కితే ఏది చూపాలి, ఏది గూడేనికే ఉంచుకోవాలి అన్న నిర్ణయం గోండుల సంప్రదాయ పంచాయితీ అయిన రాయి సెంటర్ పెద్దల చేతిలో, గ్రామసభ చేతిలో కాకుండా కార్యక్రమ నిర్వాహకుల చేతిలో ఉండడమే తప్పు.

కోయల విషయంలో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో ఎదురవుతుంది. కోయల కథకులైన డోలి కోయలు డోలి అనే వాద్యం వాయిస్తూ ఒక్కో గోత్రపు ఇలవేల్పు కథను పాడతారు. కొలుపు జరిగేటప్పుడు ఆ వంశపు కథ బొమ్మల రూపంలో ఉన్న పొడవాటి త్రికోణపు గుడ్డను, అంటే పడిగెను, బయటికి తీస్తారు. పాట లేనిదే పడిగె అర్థం కాదు. పడిగె లేనిదే పాటకు సాక్ష్యం లేదు. సమ్మక్క, సారలమ్మల కథను, గిరికామరాజు, పగిడిద్దరాజు కథలను రామచంద్రయ్య పాడేవారు. లక్షల మంది మేడారం వస్తారు, కానీ ఆ దేవతల కథను కోయ సంప్రదాయంలో ఆద్యంతం పాడగలవారు చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే ఉన్నారు. జాతరకు రోడ్లు, స్నానఘట్టాలు, బస్సులు సిద్ధం చేయడానికి ప్రభుత్వం చేసే ఖర్చు అవసరమైనదే. ఆ ఖర్చులో కొద్ది భాగమైనా కథ నేర్చుకునే కోయ పిల్లలకు భృతిగా అందితే జాతరకు మూలమైన పాట నిలబడుతుంది.

లోహపు పనిలో ఒక మంచి పరిణామం జరిగింది. జైనూర్ మండలం ఉషేగావ్ వంటి ఊళ్లలోని ఓజా కుటుంబాలు మైనపు అచ్చు మీద మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోసి దేవతా విగ్రహాలు, గంటలు చేస్తాయి. డోక్రా అని పిలిచే ఈ పనికి ఆదిలాబాద్ డోక్రా పేరుతో 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అది ఆ పేరును ఇతరులు వాడుకోకుండా అడ్డుకోగలదు. కానీ భౌగోళిక గుర్తింపు సరుకుకు మాత్రమే వర్తిస్తుంది. పాటకు, గాథకు, వైద్యానికి వర్తించదు. పైగా ఓజా కుటుంబానికి గూడెంలో ఉన్న అసలు స్థానం దేవతా విగ్రహం చేసి ఇచ్చేవాడిగా. దుకాణంలో అమ్మే ఏనుగు బొమ్మతో ఆదాయం వస్తుంది గాని ఆ స్థానం రాదు.

మూలిక, మంత్రం, మోతాదు

వైద్యం దగ్గరికి వచ్చేసరికి చిక్కులు ఎక్కువవుతాయి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు ప్రాణాల మీదికి వస్తుంది.

మన్యంలో, నల్లమలలో మూలికా వైద్యులకు జ్వరానికి నేలవేము, మధుమేహానికి పొడపత్రి వంటి పేర్లు కొట్టినపిండి. పొడపత్రి ఆకు నమిలిన వెంటనే చక్కెర నోట్లో వేసుకుంటే తీపి తెలియదు; ఈ గుణానికి కారణమైన పదార్థాలను శాస్త్రవేత్తలు గుర్తించారు. సర్పగంధి వేరును భారతీయ వైద్యులు పిచ్చికి, నిద్రలేమికి ఏనాటి నుంచో వాడుతున్నారు. ముంబయికి చెందిన హృద్రోగ నిపుణుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఆ వేరు అధిక రక్తపోటును తగ్గిస్తుందని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించాడు. 1952లో స్విట్జర్లాండ్ కంపెనీ సీబా శాస్త్రవేత్తలు దాని నుంచి రెసర్పిన్‌ను వేరుచేశారు. ఆ మందు ప్రపంచమంతా అమ్ముడైంది. అడవుల్లో సర్పగంధి మాత్రం విచ్చలవిడిగా తవ్వేయడంతో కరువై, చివరికి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేరవలసి వచ్చింది.

ఇదే జ్ఞానంలో ప్రమాదమూ ఉంది. పాముకాటుకు ఈశ్వరి వేరు వాడే అలవాటు తెలుగు నేల మీద చాలాచోట్ల ఉంది. ఆ జాతి మొక్కల్లో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీస్తుందని, క్యాన్సర్‌కు కారణమవుతుందని నిస్సందేహంగా తేలింది. పాము విషానికి విరుగుడు సూది ఒక్కటే పనిచేస్తుంది. మూలిక కోసం గడిపే ప్రతి గంటా ప్రాణాపాయాన్ని పెంచుతుంది. ఆదివాసీ జ్ఞానాన్ని గౌరవించడమంటే ఈ మాట చెప్పకుండా దాచడం కాదు. కాటు తిన్న మనిషి ముందుగా చేరేది గూడెంలోని వైద్యుడి దగ్గరికే కనుక, ఆ వైద్యుడు వెంటనే ఆసుపత్రికి పంపేటట్లు అతన్ని ఆరోగ్య వ్యవస్థలో భాగం చేసుకోవడమే తెలివైన పని. అతన్ని నేరస్థుడిగా చూస్తే అతను రోగిని దాచుకుంటాడు.

చట్టం ప్రస్తుతం అతన్ని ఎక్కడ నిలబెట్టింది? జాతీయ వైద్య కమిషన్ చట్టం 2019 ప్రకారం నమోదు లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కేరళ పరంపరా వైద్యుల కేసులో 2018లో సుప్రీంకోర్టు, గుర్తింపు పొందిన అర్హత లేనివారు వైద్యవృత్తి చేయరాదని తేల్చి చెప్పింది. రోగి భద్రత కోణంలో ఈ తీర్పును తప్పుపట్టలేం. మరోవైపు భారత నాణ్యతా మండలి సంప్రదాయ వైద్యుల నైపుణ్యాన్ని పరీక్షించి స్వచ్ఛందంగా ధ్రువపత్రం ఇచ్చే పథకం నడుపుతోంది. అందులో ఎముకలు కట్టడం, ప్రసూతి, విషవైద్యం వంటి విభాగాలు ఉన్నాయి. ఆ పత్రం నైపుణ్యాన్ని గుర్తిస్తుంది గాని వైద్యవృత్తి చేసుకునే చట్టబద్ధమైన లైసెన్సు కాదు. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్లే లక్షల మంది తెలుగువారికి ఈ సందిగ్ధం తెలియనిది కాదు: జనం నమ్మకం ఒకవైపు, పుస్తకంలో లేని విద్య మరోవైపు.

మంత్రసానుల పరిస్థితి ఇంకా కఠినం. 2005లో జననీ సురక్షా యోజన వచ్చిన తర్వాత ప్రభుత్వ విధానమంతా ఆసుపత్రి ప్రసవాల వైపు మళ్లింది. తల్లీబిడ్డల మరణాలు తగ్గించడానికి అది అవసరమైన మార్పే. కానీ గర్భిణిని కర్రకు కట్టిన డోలీలో కొండ దించవలసిన గూడేల్లో, దారిలోనే నొప్పులు ముదిరితే పక్కన ఉండేది మంత్రసానే. ఆమెకు శుభ్రమైన బ్లేడు, చేతి తొడుగులు, అపాయ లక్షణాలను గుర్తించే శిక్షణ ఇచ్చే బదులు ఆమెను లెక్కలోంచే తీసేశారు. ఆడవాళ్ల చేతిలో ఉన్న జ్ఞానం పురస్కారాల జాబితాల్లోనూ అరుదుగానే కనిపిస్తుంది.

వైద్యుడి పనిలో మందు ఇవ్వడం సగమే. ఏ మొక్కను ఎప్పుడు తవ్వాలి, ఎంత తవ్వాలి, ఎంత వదిలేయాలి అన్నది మిగతా సగం. కొండరెడ్లు, కోయలు మామిడికొత్త పండుగ చేసి దేవతకు పెట్టేదాకా మామిడికాయ ముట్టరు. కాయలో టెంక ముదిరి గింజ నిలిచేదాకా చెట్టుకు రక్షణ దొరుకుతుంది. ఆ రోజును నిర్ణయించేది పూజారి. అంటే పూజారి చేతిలో ఉన్నది పంచాంగం ఒక్కటే కాదు, అడవి వాడకం మీద ఊరి అదుపు కూడా. నల్లమలలో మారేడు గడ్డలను షర్బత్ వ్యాపారుల కోసం దుంపతో సహా తవ్వి తరలించడం మొదలయ్యాక మొక్క తరిగిపోయింది. కొనేవాడికి ఆ అదుపు పట్టదు. తవ్వేవాడికి ఆ రోజు కూలి కావాలి.

రాసి ఉంటే ఒకటి, నోట ఉంటే ఒకటి

ఇక చట్టాల సంగతి. ఈ వ్యవహారంలో అసలు ముడి ఇక్కడే ఉంది.

అమెరికాలో 1995లో పసుపుకు గాయాలు మాన్పే గుణం ఉందంటూ మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం పేరిట పేటెంటు మంజూరైంది. భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి దాన్ని సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. గెలిపించినవి పాత గ్రంథాలు, ముద్రిత పత్రాలు. ఎందుకంటే అప్పటి అమెరికా చట్టం ఇతర దేశాల్లో నోటిమాటగా ఉన్న జ్ఞానాన్ని సాక్ష్యంగా లెక్కించేది కాదు, అచ్చయి ఉండాలి. ఆ అనుభవంతో 2001లో భారతదేశం సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయాన్ని ప్రారంభించింది. ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, యోగ గ్రంథాల్లోని లక్షల మందుల తయారీ విధానాలను, పద్ధతులను పేటెంటు కార్యాలయాలు చదవగలిగే భాషల్లోకి మార్చారు. ఇది గొప్ప పని, అనేక తప్పుడు పేటెంట్లను అడ్డుకుంది. అయితే దాని పునాది గ్రంథం. ఏ గ్రంథంలోనూ లేని చెంచు వైద్యుడి జ్ఞానం ఆ గోడకు బయటే ఉండిపోయింది.

మన పేటెంటు చట్టం ఈ విషయంలో ఒక మెట్టు ముందుంది. సంప్రదాయ జ్ఞానం ఆవిష్కరణ కాదని దాని మూడో సెక్షన్ చెబుతుంది; స్థానిక, ఆదివాసీ సమాజాల్లో మౌఖికంగా ఉన్న జ్ఞానాన్ని చూపించి కూడా పేటెంటును వ్యతిరేకించవచ్చని ఇరవై ఐదో సెక్షన్ అంటుంది. జాగ్రత్తగా గమనిస్తే ఇక్కడ చట్టం మౌఖిక జ్ఞానాన్ని చూస్తోంది, కానీ ఇతరులను అడ్డుకోవడానికి మాత్రమే చూస్తోంది. ఆ జ్ఞానం ఉన్నవారికి దాని మీద ఏదైనా ఇవ్వడానికి చూడడం లేదు. పేటెంటు రద్దయితే ఆ జ్ఞానం అందరిదీ అవుతుంది. వైద్యుడికి దక్కేది ఏమీ ఉండదు.

ఇచ్చే పని జీవవైవిధ్య చట్టం 2002కు అప్పగించారు. జీవవనరులను, వాటికి సంబంధించిన జ్ఞానాన్ని వ్యాపారానికి వాడేవారు స్థానికులతో లాభం పంచుకోవాలని ఆ చట్టం ఉద్దేశం. ఈ బాధ్యత భారతీయ కంపెనీలకూ ఉందని 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు దివ్య ఫార్మసీ కేసులో చెప్పింది. ఆ తర్వాత 2023లో చట్టాన్ని సవరించారు. గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడేవారికి, ఆయుష్ వైద్యులకు లాభం పంచే నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. సవరణను సమర్థించేవారు ఇది భారతీయ వైద్య పరిశ్రమకు ఊతమని అంటారు. నాకు కనిపించే చిక్కు ఇది: అడవిలో ఆదివాసీలు కాపాడుతూ వచ్చిన మొక్క, దాని వాడకం ఎప్పుడో ఒక గ్రంథంలోకి కూడా ఎక్కి ఉంటే, కంపెనీ ఆ గ్రంథాన్ని చూపించి పంపకం నుంచి బయటపడవచ్చు. గ్రంథంలోకి ఎక్కని జ్ఞానానికి పంపకం వర్తిస్తుంది గాని, అది తమదేనని రుజువు చేసుకునే భారం గూడెం మీద పడుతుంది.

లాభం పంచుకోవడం నిజంగా జరిగితే ఎలా ఉంటుందో కేరళలోని కాణి ఆదివాసీల అనుభవం చూపిస్తుంది. 1987లో అగస్త్యమలై కొండల్లో వృక్షశాస్త్రవేత్త పుష్పాంగదన్ బృందంలోని శాస్త్రవేత్తలు అలసిపోతుంటే, వారికి దారి చూపుతున్న కాణి యువకులు ఏవో చిన్న కాయలు నములుతూ హుషారుగా నడవడం గమనించారు. అది రహస్యమని మొదట చెప్పలేదు. తర్వాత నమ్మకం కుదిరి ఆరోగ్యపచ్చ మొక్కను చూపించారు. తిరువనంతపురంలోని ఉష్ణమండల ఉద్యానవన పరిశోధనా సంస్థ దాని నుంచి జీవని అనే మందును తయారుచేసి, కోయంబత్తూరుకు చెందిన ఆర్య వైద్య ఫార్మసీకి 10 లక్షల రూపాయల రుసుముకు, అమ్మకాలపై 2 శాతం రాయల్టీకి తయారీ హక్కు ఇచ్చింది. అందులో సగం కాణిలకు ఇవ్వాలని నిర్ణయించి, 1997లో వారి పేరిట ఏర్పడిన ట్రస్టుకు 1999లో డబ్బు జమ చేసింది. ఆ రోజుల్లో ఏ చట్టమూ అడగకుండానే ఈ పంపకం జరిగింది. అందుకే ప్రపంచమంతా దీన్ని మెచ్చుకుంది.

అయితే లోపలి కథ అంత సాఫీగా లేదు. ప్లాత్తి అని పిలిచే కాణి వైద్యుల్లో కొందరు తమ విద్యను ప్రైవేటు కంపెనీకి అమ్మడానికి ఒప్పుకోమని ప్రభుత్వానికి లేఖ రాశారు. రహస్యాన్ని చెప్పిన యువకులు వైద్యులు కారు. వారికి చెప్పే అధికారం ఉందా అన్న ప్రశ్న లేచింది. వేర్వేరు పంచాయతీల్లో చెల్లాచెదురుగా ఉన్న కాణిలందరికీ ట్రస్టు ప్రతినిధా అన్న అనుమానం వచ్చింది. ఆకులు సేకరించి అమ్ముకోవడానికి అటవీ శాఖ అడ్డు చెప్పింది. మంచి ఉద్దేశంతో చేసిన పంపకం కూడా ఎక్కడ చిక్కుకుంటుందో ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. డబ్బు ఎంత అన్నదానికంటే ముందు ఎవరిని అడగాలి, ఎవరు ఒప్పుకుంటే ఊరు ఒప్పుకున్నట్టు, ఆ మొక్క మీద ఎవరికి హక్కు అన్నవి తేలాలి.

పాటకూ ఇదే గతి. కాపీరైటు చట్టం రచయిత జీవితకాలానికి, ఆ తర్వాత 60 ఏళ్లకు హక్కు ఇస్తుంది. తెలిసిన రచయిత లేని గోత్రగాథకు ఆ చట్టంలో చోటు లేదు. ప్రదర్శకుడికి తన ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఉంది గనుక, పర్ధాన్ పాడిన రికార్డును అతని అనుమతి లేకుండా వాడకూడదు. కానీ ఆ గాథను విని ఎవరైనా సినిమా పాటగా మలచుకుంటే గోత్రం అడ్డు చెప్పలేదు. ఇప్పుడు గూడేల్లో మొబైల్ ఫోనుతో రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టేవారు చాలామంది ఉన్నారు, వారిలో ఆదివాసీ యువకులే ఎక్కువ. ఇది నిరోధించవలసిన పని కాదు. అయితే కొలుపులో మాత్రమే చెప్పవలసిన ఘట్టం ఏది, అందరికీ వినిపించదగినది ఏది అన్న గీతను పెద్దలతో కూర్చుని గీసుకోవడం అవసరం. జీవవైవిధ్య చట్టం కింద ఊరి జీవవనరులను, వాటి జ్ఞానాన్ని నమోదు చేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. మొక్క పేరు, వాడకం, దొరికే చోటు అన్నీ ఒకే పేజీలో రాస్తే అది రక్షణపత్రం అవుతుందో, తవ్వుకుపోయేవారికి దారి చూపే పటం అవుతుందో ఆ పేజీని ఎవరు చూడగలరన్న దాన్ని బట్టి ఉంటుంది.

అంతర్జాతీయంగా 2024 మే నెలలో జెనీవాలో ప్రపంచ మేధోసంపత్తి సంస్థ సభ్యదేశాలు ఒక కొత్త ఒడంబడికను ఆమోదించాయి. జన్యువనరుల మీద, వాటికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద ఆధారపడిన పేటెంటు దరఖాస్తుల్లో అవి ఎక్కడివో, ఏ సమాజానివో వెల్లడించాలని అది కోరుతుంది. వెల్లడి ఒక మెట్టు. పంపకం దాని తర్వాతి మాట.

చేతిలో ఉన్న సాధనం

ఇన్ని చట్టాల్లో సమాజాన్నే హక్కుదారుగా నేరుగా పేర్కొన్నది అటవీ హక్కుల గుర్తింపు చట్టం 2006. దాని మూడో సెక్షన్‌లో జీవవైవిధ్యాన్ని అందుకునే హక్కు, జీవవైవిధ్యానికీ సాంస్కృతిక వైవిధ్యానికీ సంబంధించిన మేధోసంపత్తి మీద, సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు స్పష్టంగా ఉన్నాయి. వైద్యాన్నీ పాటనూ ఒకే వాక్యంలో చేర్చడం ఈ చట్టం ప్రత్యేకత. అదనంగా, ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాలకు ఆవాస హక్కు, అంటే తరతరాలుగా తాము బతికే ప్రాంతం మీద సామూహిక హక్కు కూడా ఉంది. మధ్యప్రదేశ్‌లో బైగాలకు 2015లో ఆ హక్కు గుర్తించారు. తెలంగాణలో చెంచులు, కోలాములు, తోటీలు, కొండరెడ్లు ఆ వర్గంలోకే వస్తారు. షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన పెసా చట్టం 1996 తమ సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారాన్ని గ్రామసభకు ఇప్పటికే ఇచ్చింది.

మన దగ్గర ఈ చట్టం మీద జరిగిన చర్చ, పోరాటం దాదాపు మొత్తం పోడు పట్టాల చుట్టూనే తిరిగింది. భూమి లేనిదే బతుకు లేదు కనుక అది సహజం. కానీ సామూహిక హక్కుల కోసం గ్రామసభ సమర్పించే దరఖాస్తు నమూనాలో జీవవైవిధ్యం, మేధోసంపత్తి, సంప్రదాయ జ్ఞానం పేరిట విడిగా ఒక వరుస ఉంది. ఆ వరుసలో ఏం రాయవచ్చో గ్రామసభకు వివరించే బాధ్యత సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారులది, ఆదివాసీ సంఘాలది, చదువుకున్న ఆదివాసీ యువతది. తమ వైద్యులు మూలిక తెచ్చుకునే కొండల పేర్లు, తవ్వకూడని నెలలు, పెర్సాపేన్ స్థలాలు, నాగోబా పూజకు మెస్రం వంశీయులు గోదావరి జలం కోసం కాలినడకన వెళ్లే దారి, తమ గాథ చెప్పే పర్ధాన్, తోటీ కుటుంబాలు, వాటిని రికార్డు చేయడానికి ముందు ఎవరిని అడగాలి అన్న నియమం, ఇవన్నీ ఆ వరుసలో రాయదగినవే. మూలికల వివరాలు బయటపెట్టకుండానే ఆ మూలికలున్న అడవి మీద హక్కు కోరవచ్చు. గ్రామసభ తీర్మానంతో ఆ దరఖాస్తు ఉపవిభాగ స్థాయి కమిటీకి, అక్కడి నుంచి జిల్లా స్థాయి కమిటీకి వెళుతుంది. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, దాని మీద గ్రామసభ అప్పీలుకు వెళ్లవచ్చు.